ప్రపంచ పటంలో పెట్టుట

నగరాన్ని ప్రపంచ పటంలో పెట్టడం తెలుగునాట విరివిగా సాగుతున్న కుటీర పరిశ్రమ. దీనికి పెట్టుబడి అక్కర్లేదు. అప్పటికే ఉన్న నగరం ఒకటి, ఫ్లెక్సీ ఒకటి, మైకు ఒకటి ఉంటే చాలు. ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రం హైదరాబాద్. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ఊరిని పటంలో పెట్టినట్టు ప్రకటిస్తారు. ఐదేళ్లు తిరిగేసరికి ఇంకొకరు మళ్లీ పెడతారు. ఆ పటానికి జిగురు సరిగా లేదని, ఊరు మాటిమాటికీ జారి కింద పడుతోందని దీన్నిబట్టి అనుకోవాలి. నాయకులే కాదు, బిర్యానీ హోటళ్లు, బిస్కెట్ దుకాణాలు, పాఠశాలలు, ఊరొదిలి వెళ్లి పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా ఈ ఘనతలో వాటాదారులే.

తెలుగులో పటం అన్న మాటకు రెండర్థాలు. దేశాలూ సముద్రాలూ ఉన్నది ఒకటి, గోడకు తగిలించి దండ వేసేది ఇంకొకటి. మైకులో చెప్పేది మొదటి పటం గురించి. మనసులో ఉన్నది రెండోది. మామూలుగా మనిషి పోయాక వేసే దండను ముందే వేయించుకోవాలన్న తొందర ఈ పరిశ్రమకు ఇంధనం.

హైదరాబాద్ పటంలోకి ఎక్కిన తేదీ కోసం వెతికితే వెనక్కి వెనక్కి పోవలసి వస్తుంది. 1937 ఫిబ్రవరి 22న అమెరికా పత్రిక టైమ్ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ బొమ్మను అట్ట మీద వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పరిచయం చేసింది. అంతకు సుమారు మూడు వందల ఏళ్ల ముందే తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గోల్కొండ రాజ్యం తిరిగి, చూసినదంతా పుస్తకంగా రాసుకున్నాడు. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో తవ్వినవి కావు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్వినవి. అమ్మిన చోటి పేరు వజ్రానికి అంటుకుంది, గుంటలోకి దిగినవాడి పేరు దేనికీ అంటుకోలేదు. పేర్లు పంచిపెట్టే విషయంలో ఈ ఊరి పద్ధతి అప్పుడే ఖరారైంది.

ఊరు కట్టినవాడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అందులో తప్పేమీ లేదు. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోతే మూసీకి దక్షిణాన 1591లో కొత్త ఊరు వేయించాడు. గీత గీసి వీధులు విడదీసే పని మాత్రం పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీది అంటారు. ఆయన ఇరాన్ నుంచి వచ్చినవాడు. చార్మినార్ బొమ్మ సిగరెట్ పెట్టెకెక్కింది, బస్సు పాసుకెక్కింది, మిఠాయి డబ్బాకెక్కింది. మీర్ మోమిన్ పాతబస్తీలో తన పేరుతోనే ఉన్న శ్మశానంలో పడుకుని ఉన్నాడు, దేనికీ ఎక్కలేదు.

ఇక భాగమతి. ఊరికి మొదట ఆమె పేరే పెట్టారని ఒక కథ. అసలు ఆమె ఉందా లేదా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. మూసీ పొంగితే అప్పటికి యువరాజుగా ఉన్న కులీ ఆమె కోసం గుర్రాన్ని నీళ్లలోకి దూకించాడని, అది చూసి భయపడ్డ తండ్రి పురానాపూల్ కట్టించాడని ఆ కథకు కొనసాగింపు. వంతెన 1578 నాటిది. అప్పటికి యువరాజుకు పన్నెండో పదమూడో ఏళ్లు. నేటి నాయకుల జీవితచరిత్రలు రాసేవారిని ఈ లెక్క ఏమాత్రం ఇబ్బంది పెట్టదు. తమ నాయకుడు ఉయ్యాలలోనే ఔటర్ రింగు రోడ్డు కలగన్నాడని రాయగలవారికి పదమూడేళ్లంటే ముదిరిన వయసే. ఆ వంతెనలో గమనించదగ్గ సంగతి వేరే ఉంది. వంతెన ముందు వచ్చింది, ఊరు పదమూడేళ్ల తర్వాత వచ్చింది. ఇప్పటి వెంచర్లలో ప్లాట్లు ముందు అమ్ముతారు, వంతెన బ్రోచర్‌లో ఉంటుంది.

పేరు కోసం ప్రాకులాడినవారికంటే ప్రాకులాడనివారికే ఈ ఊళ్లో పేరు నిలిచింది. నిజాం కొలువులో సైన్యాన్ని నడిపి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమాన్‌ను జనం తమ నోటికి అనువుగా మూసా రాముడిని చేసుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందనే చెబుతారు. ఆయన ఫిరంగుల కార్ఖానా గన్‌ఫౌండ్రీ అయింది. ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిడ్ నడిపిన దుకాణం ఎప్పుడో పోయింది, ఆబిడ్స్ మిగిలింది. ఆబిడ్స్‌లో చెప్పులు కొనేవారెవరూ ఆబిడ్‌ను తలుచుకోరు. ఊరికి పేరు కావాలి, పేరు గల మనిషితో పని లేదు.

దీనికి తిరుగులేని సాక్ష్యం మంచినీళ్లు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో వేలమంది కొట్టుకుపోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీళ్లకే పోగొట్టుకుని ఒంటరిగా బయటపడ్డాడు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టు ఏ పార్టీకీ చెందనిది కనుక ప్రజాసేవకుల జాబితాకు ఎక్కలేదు. ఆ మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన వచ్చి, నది పైభాగమంతా తిరిగి చూసి, నీళ్లను ఊరికి ఎగువనే ఆపాలని చెప్పాడు. ఆ లెక్క ప్రకారం 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. మొదటిదానికి రాజు పేరు, రెండోదానికి రాకుమారుడి పేరు పెట్టారు. ఊరి జనం రాజు పేరును మర్యాదగా పక్కన పెట్టి, చెరువు వెలసిన పల్లెటూరిని పట్టుకుని గండిపేట అన్నారు. గండిపేట నీళ్లు తాగినవాడు ఊరు వదలడని సామెత కూడా కట్టారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడికే తన చెరువు మీద తన పేరు నిలుపుకోవడం కుదరలేదు. ఇవాళ ఫ్లైఓవర్ల మీద శిలాఫలకాలు వేయించుకునేవారు ఈ సంగతి తెలియకే అంత పెద్ద అక్షరాలు చెక్కిస్తున్నారు.

వ్యాపారాల వరస చూస్తే బతికున్నవాటికంటే పోయినవాటిదే ఊరి మీద ఎక్కువ పెత్తనం. ఆల్విన్ 1942లో పుట్టి బస్సులకు బాడీలు కట్టింది, మధ్యతరగతి వంటింటికి ఫ్రిజ్ పంపింది, చేతికి గడియారం తొడిగింది. ఇప్పుడు మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా ఉంది. అక్కడ రోడ్డు దాటడానికి తంటాలు పడే కుర్రాళ్లకు ఆల్విన్ అంటే ఎవరో దొరగారి పేరు. బాలానగర్ దగ్గర ఐడీపీఎల్ కథ ఇంకా నిలిచి చూడవలసినది. 1961లో సోవియట్ సాయంతో కేంద్ర ప్రభుత్వం పెట్టిన మందుల కంపెనీ అది. మందు రసాయనాలను పెద్ద ఎత్తున ఎలా వండాలో ఊరికి నేర్పింది అదే. అక్కడ పని నేర్చుకున్నవారిలో ఒకరైన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అలాంటివారు బయటికొచ్చి నిలదొక్కుకోవడానికి 1970 నాటి పేటెంట్ చట్టం దారి వేసింది. మందుకు కాక, మందు తయారుచేసే పద్ధతికే హక్కు ఉంటుందని ఆ చట్టం చెప్పింది. ఇంకో దారిలో వండగలిగితే వండుకోవచ్చన్నమాట.

అంటే హైదరాబాద్ మందుల రాజధాని కావడంలో ఢిల్లీలో చేసిన ఒక చట్టం ఉంది, మాస్కో నుంచి వచ్చిన యంత్రాలున్నాయి, నష్టాల్లో మునిగి మూలపడ్డ ఒక ప్రభుత్వ కంపెనీ ఉంది, అక్కడ షిఫ్టులు చేసిన వందలమంది కెమిస్టులున్నారు. వీటిలో దేనికీ ఫ్లెక్సీ లేదు. ఫార్మా సదస్సు వేదిక మీద శాలువా అందుకునేది ఆ ఏడాది ఎవరు మంత్రిగా ఉంటే వారు. పటాన్‌చెరు పక్కన నక్కవాగులో ఏళ్లతరబడి పారిన రంగునీళ్లను మాత్రం ఏ మంత్రీ తన హయాంలోవిగా ఒప్పుకోలేదు. పటంలో పెట్టేటప్పుడు వాగులను చెరిపేయడం ఈ పరిశ్రమలో మొదటి నియమం.

తిండి విషయానికొస్తే హైదరాబాదీ అనిపించుకోవడానికి మొదటి అర్హత బయటినుంచి రావడం. చాయ్ ఇరానీ. హలీం అరబ్బులది. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుని అధికారికంగా ఇక్కడిదైపోయింది. పుల్లారెడ్డి నేతి మిఠాయి కర్నూలులో పుట్టింది. సముద్రం చుక్కైనా లేని ఊరికి ముత్యాల నగరమని బిరుదు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ సినిమాహాలు దగ్గర 1953లో చిన్న కేఫ్ మొదలైంది. హాలు పోయింది, కేఫ్ బిర్యానీ సామ్రాజ్యమైంది, బస్టాపు కూడా దాని పేరే చెబుతుంది. అదే 1953లో దేశ విభజన సమయంలో సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని తాను పోగొట్టుకున్న ఊరి పేరుతో మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీ తెరిచాడు. హైదరాబాద్ నుంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా చేతిలో ఉండే పెట్టె మీద కరాచీ అని రాసి ఉంటుంది. 2019లో బెంగళూరులో ఒక గుంపు వెళ్లి ఆ బోర్డు మీద కరాచీ అన్న మాటకు గుడ్డ కప్పించింది. పాకిస్తాన్ వదిలి రావలసి వచ్చినవాడి దుకాణం ముందు పాకిస్తాన్ మీద కోపం తీర్చుకోవడం కూడా నగర గుర్తింపులో భాగమే కాబోలు.

ఉస్మానియా బిస్కెట్‌ను దగ్గరగా పరిశీలించాలి. చలువరాతి పలక బల్ల, అంచు కొంచెం బీటవారిన సాసరు, పైన మీగడ తేలే చాయ్. బిస్కెట్ మధ్యలో పసుపుగా, అంచున గోధుమరంగులో ఉంటుంది. ముందు తీపి తగులుతుంది, వెనకనే ఉప్పు. చాయ్‌లో ముంచి రెండు లెక్కబెట్టేలోగా తీయకపోతే విరిగి అడుగున పడుతుంది, చెంచాతో తవ్వుకోవాలి. దీన్ని ఆసుపత్రి రోగుల కోసం చేశారని ఒక కథ, నిజాంగారికి ఇష్టమని చేశారని ఇంకో కథ. మొదట చేసింది తామేనని చెప్పే బేకరీలు మాత్రం ఒకటీ రెండూ కావు. ప్రతి బోర్డు మీదా ఒక పాత సంవత్సరం, ‘ఒరిజినల్’ అన్న మాట, కిందనే ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ అన్న హెచ్చరిక ఉంటాయి. ఆ హెచ్చరిక ఉన్న బోర్డులు ఊళ్లో చాలా చోట్ల కనిపిస్తాయి.

ఇక సాఫ్ట్‌వేర్. 1998 నవంబర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దానికోసం పరుగులు తీసిన మాట నిజం. నిజం కానిది దానికి ముందు ఈ ఊళ్లో రాళ్లు తప్ప ఏమీ లేవన్న కథ. 1967లో వచ్చిన ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్ కొద్దికాలంలోనే కంప్యూటర్లు తయారుచేసింది. 1990ల మొదట్లోనే అమీర్‌పేట మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు నడిచింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ తమ వంతు రోడ్లేసి, తమ వంతు టవర్లు చూపించి, తమ వంతు పటంలో పెట్టాయి. న్యాయంగా దండ వేయాలంటే అమెరికాలో 1960లలో కూర్చుని, కంప్యూటర్‌లో చోటు కలిసొస్తుందని సంవత్సరాన్ని నాలుగంకెలకు బదులు రెండంకెల్లో రాసిన ప్రోగ్రామర్లకు వేయాలి. 2000 సంవత్సరం ముంచుకొచ్చేసరికి ఆ రెండంకెలు సరిదిద్దడానికి వేలమంది కావలసివచ్చారు. అమీర్‌పేట సందుల్లో కోబాల్ ప్రోగ్రామింగ్ చెప్పే గదులు కిక్కిరిశాయి. ఖమ్మం నుంచి, ఒంగోలు నుంచి, అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు ఒక గదిలో ఆరుగురు చొప్పున పడుకుని, మెస్ కూపన్లు లెక్కపెట్టుకుని, వీసా మీద వెళ్లారు. ఊరి దశ తిప్పినవారి జాబితా రాస్తే ఆ సందుల్లో నాలుగంతస్తుల ఎత్తున వేలాడిన కోచింగ్ బోర్డులు చాలా పైన ఉండాలి.

‘మనవాళ్లు’ అన్నది చివరి విభాగం. ఊరికి పేరు తేవాలంటే ముందు ఊరు వదలాలి. 1988లో అమెరికా వెళ్లిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టేదాకా ఈ ఊళ్లో ఫ్లెక్సీకి నోచుకోలేదు. పట్టిన పూటే మనవాడయ్యాడు. ఆయనా, అడోబీ శంతను నారాయణ్, ప్రపంచ బ్యాంకు అజయ్ బంగా చదివిన బేగంపేట బడి 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టినది. ఆ లెక్కన కీర్తిలో కొంత వాటా జాగీర్లలో శిస్తు కట్టిన రైతులకూ రావాలి. మనవాడు కావడం ఎంత తేలికో, కాకపోవడమూ అంతే తేలిక. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ ఇరవయ్యేళ్లపాటు హైదరాబాద్ గర్వకారణం. ఖాతాల్లో లేని డబ్బు ఉన్నట్టు చూపించామని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాశారు. ఎనిమిదో తేదీకల్లా అది కార్పొరేట్ రంగంలో ఎక్కడో జరిగిన కుంభకోణం. రాజుగారిని పటంలో పెట్టామన్నవారు మళ్లీ నోరెత్తలేదు.

ఇన్ని వాదనల్లో నిర్వివాదంగా పనికొచ్చేది ఫ్లెక్సీ గుడ్డ ఒక్కటే. సభ అయిన మర్నాడు తెల్లవారుజామున దాన్ని కట్టెల నుంచి విప్పి చుట్టుకుపోతారు. పాలమూరు నుంచి కూలికొచ్చి, కడుతున్న టవర్ పక్కనే రేకుల గుడిసెలో ఉండేవాళ్లు దాన్ని బొమ్మ లోపలికి వచ్చేలా తిరగేసి పైన కప్పుతారు. చుట్టూ ఇటుకలు పెడతారు. రెండు వానాకాలాల దాకా చినుకు కారదు.