చుక్క ఎవరిది?

మా అపార్ట్‌మెంట్ ఇంగ్లీషు నోటీసులన్నీ నా చేతే రాయిస్తారు. మాస్టారుగా రిటైరైనవాడికి ఆ మాత్రం శిక్ష తప్పదు. మొన్న నీళ్ళు ఆపే సంగతి రాసి, వాక్యాన్ని "10 ఏ.ఎం." దగ్గర ముగించాను. సెక్రటరీ గారు కళ్ళజోడు సర్దుకుని, "మాస్టారూ, ఈ చుక్క ఎం అక్షరానిది. మరి వాక్యానిదేదీ?" అన్నారు. రెండింటికీ అదొక్కటే చాలండీ అన్నాను. ఆయన నమ్మలేదు. రెండో చుక్క నేనే ఇంటికి పట్టుకుపోయినట్టు చూశారు.

అదైనా నయం. గేటుకి అడ్డంగా కార్లు పెట్టేవాళ్ళకి రాసిన నోటీసులో చివరి మాట గేటు బోర్డు మీది "నో పార్కింగ్", అదీ కొటేషన్ గుర్తుల మధ్య. ఫుల్‌స్టాప్ లోపలా, బయటా? వాట్సాప్‌లో చూసి, డాలస్‌లో ఉన్న మా అబ్బాయి "లోపల పెట్టండి నాన్నా" అన్నాడు. అమెరికాలో అంతే, చుక్క ఎవరిదైనా లోపలికి తోసేస్తారు. లండన్‌లో ఉన్న అమ్మాయి ఊరుకుంటుందా? "బయటే ఉండాలి నాన్నా, బోర్డు మీద చుక్క లేదుగా!" బ్రిటన్ పద్ధతిలో కొటేషన్‌లోని మాటకి చెందితేనే చుక్కకి లోపల చోటు. నా ఓటు అమ్మాయికే. లేని చుక్కని బోర్డుకి అంటగట్టడం ఏం న్యాయం? ఈ పంచాయితీ తెగేలోగా గేటు ముందు ఇంకో కారు వచ్చి ఆగింది.

మిస్టర్‌ని పొట్టిగా రాసినా ఇదే గొడవ. పదం చివరి అక్షరం ఉంది కదా, చుక్కెందుకని బ్రిటన్ వాళ్ళు; పొట్టిచేశాక పెట్టాల్సిందేనని అమెరికా వాళ్ళు.

అసలు విడ్డూరం ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు హ్యారీ ఎస్. ట్రూమన్‌ది. మన ఇనీషియల్ వెనక ఇంటిపేరుంటుంది, ఆయన ఎస్ వెనక ఏమీ లేదు. తాతలిద్దరి పేర్లలో, షిప్, సాలమన్, ఏది పెట్టినా రెండోవైపు అలుగుతారని ఉత్త ఎస్ పెట్టి సరిపెట్టారట. వియ్యాలవారి సంగతి తెలిసినవాళ్ళే! మరి దేన్నీ కుదించని అక్షరానికి చుక్క అవసరమా? అక్కర్లేదని 1962లో ఆయనే విలేఖరులతో అన్నాడు, తన సంతకాల్లో చాలావాటిలో చుక్క పెట్టుకున్నా సరే. అమెరికా ప్రభుత్వ ముద్రణ నియమాలు మాత్రం పెట్టాల్సిందేనన్నాయి. 1945లో ఆయన అణుబాంబు వెయ్యమంటే వేశారు గానీ, చుక్క వద్దంటే ఎవరూ వినలేదు.