గాలికి లైసెన్సు ఫీజు

మీ దగ్గర టీవీ షో ఐడియా ఉందా? శుభం. కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర ఎవరికీ చెప్పకుండా దాచుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏసీ గదిలో ఉన్న క్రియేటివ్ హెడ్‌కు వినిపించడానికి బయల్దేరారా? మరీ శుభం. టీ కొట్టు దగ్గరే చెప్పుంటే, విన్నవాడు కనీసం టీ డబ్బులైనా ఇచ్చేవాడు.

నరేషన్ మొదలవుతుంది. ఆయన కళ్ళు ఫోన్ మీద, చెవులు మీ మీద. మధ్యలో ఓసారి తలెత్తి, "ఆ మూడో రౌండ్ మళ్ళీ చెప్పండి" అంటాడు. మీ గుండె పొంగుతుంది. పొంగనివ్వండి, మళ్ళీ ఆ అవకాశం రాదు. అంతా విన్నాక, "బాగుందండీ, కానీ ఇలాంటిదే మేమూ ఒకటి అనుకుంటున్నాం" అంటాడు. ఈ "అనుకుంటున్నాం" మహిమ గల క్రియ. మీరు గదిలో అడుగుపెట్టకముందు దానికి భూతకాలమే లేదు. మీరు గడప దాటగానే మూడేళ్ళ భూతకాలం పుట్టుకొస్తుంది. ఆర్నెల్లకు ప్రోమో పడుతుంది. మీ మూడో రౌండ్ అందులో మొదటి రౌండ్.

కోర్టుకెక్కుతారా? ముందు ఆర్.జి. ఆనంద్ సంగతి వినండి. ఆయన 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాశాడు, ఆడించాడు, ఓ సినిమా దర్శకుడికి వినిపించాడు కూడా. 1956లో ఆ దర్శకుడి 'న్యూఢిల్లీ' సినిమా వచ్చింది. ఇది నా నాటకమేనని ఆనంద్ కోర్టుకెక్కితే, సుప్రీంకోర్టు తీర్పు 1978లో వచ్చింది. అంటే సినిమాలో ప్రేమించుకున్న జంటకు పిల్లలు పుట్టి, వాళ్ళు ఐడియాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే వయసు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైటు ఉండదు, చెప్పిన తీరుకే ఉంటుంది అన్నారు. ఆనంద్ ఓడిపోయాడు.

ఈ సూత్రం తప్పని నేననను. ఆలోచనకు పట్టా రాసిస్తే, అత్తాకోడళ్ళ గొడవను మొదట కథ చేసినవాడి వారసులకు మన చానళ్ళు రోజూ రాత్రి ఏడు నుంచి పది దాకా కప్పం కట్టాల్సి వస్తుంది.

బ్రిటన్‌లో హ్యూయీ గ్రీన్‌ది ఇంకా విచిత్రం. ఆయన నడిపిన 'ఆపర్చ్యూనిటీ నాక్స్' అనే ప్రతిభా పోటీని న్యూజిలాండ్‌లో అదే పేరుతో, అవే ఊతపదాలతో, చప్పట్లు కొలిచే క్లాపోమీటరుతో సహా దింపేశారు. ఆయన దావా వేస్తే, 1989లో తుది కోర్టయిన ప్రివీ కౌన్సిల్ ఇందులో రక్షణకు తగ్గది ఏదీ లేదు పొమ్మంది. చప్పట్లకు మీటరుంది, చమటకు లేదు.

సరే, ఐడియా గాలి. గాలి ఎవరి సొత్తూ కాదు. మరి ఇదే చానళ్ళు 'బిగ్ బాస్' కోసం నెదర్లాండ్స్‌లో 1999లో పుట్టిన ఫార్మాట్‌కూ, 'మీలో ఎవరు కోటీశ్వరుడు' కోసం బ్రిటన్‌లో 1998లో పుట్టిన ఫార్మాట్‌కూ లైసెన్సు ఎందుకు తీసుకున్నట్టు? కొంతమందిని ఇంట్లో పెట్టి తాళం వేయడం ఐడియా కాదా? నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనడం మనం చదివిన ప్రతి ఎంట్రన్స్ పరీక్షలో లేదా? "మేం కొన్నది ఐడియా కాదండీ! పేరు, సెట్టు, సంగీతం, రౌండ్ల వివరాలన్నీ ఉన్న బైబిలు" అంటారు. నిజమే. కర్నూలు కుర్రాడు మీ టేబుల్ మీద పెట్టిపోయిన ఇరవై పేజీల్లోనూ పేరుంది, సెట్టుంది, రౌండ్లున్నాయి. సముద్రం దాటి వస్తే అది బైబిలు, కర్నూలు బస్సు దిగితే చిత్తుకాగితం. అక్కడి గాలికి లైసెన్సు ఫీజు, ఇక్కడి గాలికి వడగాలి అని పేరు.

కోర్టులు మరీ గుడ్డివేం కావు. 'స్వయంవర్' అనే రియాలిటీ షో ఆలోచన విషయంలో 2002లో ఢిల్లీ హైకోర్టు, 'కన్హయ్యా' సీరియల్ కాన్సెప్ట్ విషయంలో 2003లో బొంబాయి హైకోర్టు చానళ్ళకు అడ్డుపడ్డాయి. కాపీరైటు సంగతి ఎలా ఉన్నా, నమ్మి రహస్యంగా చెప్పినదాన్ని చెప్పినవాడికి చెప్పకుండా వాడుకోవడం నమ్మకద్రోహం అన్నాయి.

దీన్నుంచి చానళ్ళవాళ్ళు నేర్చుకున్న పాఠమేమిటి? దొంగిలించకూడదనా? పాపం శమించుగాక! నరేషన్‌కు ముందే ఓ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలని. "నేను చెప్పబోయేది రహస్యం కాదు. ఇలాంటిది మీ దగ్గర ఇప్పటికే ఉండొచ్చు. రేపు దావా వేయను." కోర్టు నమ్మకానికి విలువ కడితే, వీళ్ళు గుమ్మంలోనే మీ నమ్మకాన్ని రాయించుకుని లోపలికి పంపుతారు. చెప్పులు బయట విడవమన్నట్టు.

కాబట్టి బాబూ, నోటితో చెప్పకు. పేజీలు రాయి, రచయితల సంఘంలో రిజిస్టరు చేయించు, తేదీ పడేలా ఈమెయిల్ పంపు, ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకు. ఇదంతా నీవల్ల కాదంటావా? అయితే ఆ ఇరవై పేజీల్నీ నెదర్లాండ్స్‌కు పోస్టు చెయ్. అదే క్రియేటివ్ హెడ్ విమానమెక్కి వెళ్ళి, చేతులు కట్టుకుని కూర్చుని, ఫోన్ జేబులో పెట్టుకుని వింటాడు. "ఆ మూడో రౌండ్ మళ్ళీ చెప్పండి" అని మాత్రం అడగడు. రెండోసారి చెప్పించుకుంటే దానికి విడిగా బిల్లేస్తారని భయం.