చేపల పులుసులో ఆత్రేయ

సంక్రాంతికి వచ్చిన మా అక్క కొడుకు నా ఫోనులో పాటల యాప్ ఒకటి వేసిపోయాడు. "మామా, నువ్వు ఇంతవరకూ విననివన్నీ అదే చూసిపెడద్ది" అన్నాడు. యాభై నాలుగేళ్లవాడికి పెళ్లిసంబంధాలు చూసిపెట్టినట్టుంది వ్యవహారం. అయినా కాదనలేదు.

మొదటి సంబంధమే బెడిసింది. మైపాడు బీచిలో చెప్పుల్లో ఇసక దులుపుకుంటుంటే ఎవరో కుర్రాడి పాట మొదలైంది. సన్నటి గొంతు, పెద్దల పంక్తిలో కూచున్న పిల్లాడిలా ఒద్దికగా ఉంది. "ఎవడో గానీ బాలూని కాపీ కొడుతుండాడు" అన్నా. మా బావ ఫోను లాక్కుని చూసి, నావైపు జాలిగా చూశాడు. అది బాలూనే. 1966 డిసెంబరులో, ఇరవయ్యేళ్లప్పుడు, కోదండపాణి సంగీతంలో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కి పాడిన మొట్టమొదటి సినిమా పాట.

నెల్లూరులో ఉంటూ అనాల్సిన మాటేనా అది! ఇక్కడ ప్రతి ఇంటికీ బాలూతో ఏదో ఒక చుట్టరికం. ఒకరి తాత ఆయన నాన్న సాంబమూర్తిగారి హరికథ ముందు వరసలో విన్నాడు. ఇంకొకరు తిప్పరాజువారి వీధిలో ఆయన ఇంటిమీదుగా రోజూ సైకిలు తొక్కారు. నాకు ఆపాటి చుట్టరికం కూడా చెప్పుకునే అర్హత లేదని బావ తేల్చేశాడు.

ఆత్రేయ దగ్గర ఇంకా పరువు పోయింది. ఆయన రాసిన 'ప్రేమ్ నగర్' పాటలు నాకు కొత్తవేం కావు. మా చిన్నప్పుడు ప్రతి పెళ్లి మైకులోనూ మోగినవే. పెళ్లిపందిట్లో ఈ ఏడుపు పాటేందని అడిగినవాడు లేడు. ట్యూను వచ్చు, మాటలు మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. ధ్యాసంతా లడ్డూ మీద. మొన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అన్నం తింటూ వాటిల్లో ఒకటి విన్నా. కంచంలో నిన్నటి చేపల పులుసు. రాత్రంతా మామిడికాయ ముక్కలు నాని, రెండో రోజుకి గదా అది దారికొచ్చేది! ఘంటసాల రెండో చరణం ఎత్తుకునేసరికి కొరమీను ముక్క చేతిలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఈ మాటల పక్కనే కూచుని, తినేసి, చెయ్యి కడుక్కుని లేచొచ్చామా? కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కారం ఎక్కువైందా?" అంది మా ఆవిడ.

"ఆత్రేయ" అన్నా.

"ముల్లేమో అనుకున్నా" అని మజ్జిగ గ్లాసు పెట్టి పోయింది.

రాయకుండా నిర్మాతల్నీ, రాసి జనాన్నీ ఏడిపిస్తాడని ఆయన గురించి సినిమావాళ్ల మాట. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన మనిషికి, సొంత జిల్లావాణ్ణి ఏడిపించడానికి ఇంతకాలం పట్టింది. నిర్మాతలే నయం.

బావ రొయ్యల గుంటల కాడ కాపలా కుర్రాడి ఫోనులో ఎప్పుడూ ఒకటే కొత్త పాట. ఏరియేటర్లు నీళ్లు చిమ్మే దడదడకి దాని తాళం సరిగ్గా కుదిరింది. ఇదీ ఒక పాటేనా అన్నాను మంగళవారం. గురువారం బ్యాంకు క్యూలో నా నోట అదే కూనిరాగం. వెనకున్న కాలేజీ పిల్ల కిసుక్కుమంది. సిగ్గేసింది. వయసు తగ్గినట్టూ అనిపించింది, పాస్‌బుక్కులో ఫొటో కనపడేదాకా.

బాకీ తీర్చుకుందామని ఆ కుర్రాడికి బాలూ తొలి పాట పెట్టా. ఏరియేటర్లు ఆపితే రొయ్యలు ఊపిరాడక చస్తాయి కాబట్టి, ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను అదిమిపెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఎవురు సార్ ఈ పిల్లోడు? బాగా పాడుతుండాడే. పైకొస్తాడు."

"మన నెల్లూరోడేలే" అన్నా, బావ వైపు చూడకుండా.