వైరస్‌కూ చిరునామా ఉండేది

మా రోజుల్లో వైరస్ కూడా మనిషి చేతుల మీదుగానే వచ్చేది. జనగామలో నేను కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన కాలంలో ఏ సిస్టమ్‌కు ఏ జబ్బు పట్టిందో, అది ఏ ఫ్లాపీలో వచ్చిందో, ఆ ఫ్లాపీ ఎవరి చొక్కా జేబులోంచి వచ్చిందో సాయంత్రానికల్లా తేలిపోయేది. హైదరాబాద్‌లో చదివే పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు ఆటల ఫ్లాపీలు పట్టుకొచ్చేవాళ్ళు. వాటిని నేరుగా ల్యాబ్‌లోకి రానిచ్చేది లేదు. తలుపు పక్కన ఒక పాత మిషన్ ఉండేది. దాన్ని శుభ్రమైన డాస్ ఫ్లాపీతో బూట్ చేసి, లోపలికి వచ్చే ప్రతి ఫ్లాపీని అందులో స్కాన్ చేశాకే సీటు ఇచ్చేవాళ్ళం. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలన చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉండేది. దాన్ని జరిపి కన్నం తెరిచామంటే ఆ ఫ్లాపీ మీద ఎవరూ ఏమీ రాయలేరు, వైరస్ కూడా రాయలేదు. పైసా ఖర్చు లేని కాపలా అది. పదో తరగతి ఫెయిలై మా దగ్గర టైపింగ్ నేర్చుకున్న పిల్లాడికి కూడా ఆ బిళ్ళ సంగతి తెలుసు. ఇవాళ బీటెక్ చదివిన పిల్లలకు తమ ల్యాప్‌టాప్‌లో కాపలా ఉందో లేదో తెలియదు.

పీసీల మీద పాకిన మొదటి వైరస్ బ్రెయిన్. 1986లో వచ్చింది. లాహోర్‌లో బాసిత్, అంజాద్ ఫారూక్ అల్వీ అనే అన్నదమ్ములు రాశారు. తాము తయారు చేసిన వైద్యుల సాఫ్ట్‌వేర్‌ను జనం దొంగ కాపీలు తీస్తున్నారని రాశామని చెప్పుకున్నారు. ఆ వైరస్ లోపల తమ పేర్లు, దుకాణం అడ్రసు, ఫోన్ నంబర్లు పెట్టారు. వాళ్ళు చేసింది మంచి పనని నేననను. కానీ తగాదా పెట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, ఒక ఊరు ఉంది. ఇవాళ మహబూబాబాద్‌లో ఒకరి ఫైళ్ళకు తాళం పడితే ఆ తాళం వేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో పోలీసులకే అంతుచిక్కదు.

మాకు అసలైన పాఠం 1999 ఏప్రిల్ 26న దొరికింది. సీఐహెచ్ అనే వైరస్, చెర్నోబిల్ అని కూడా అన్నారు, ఆ రోజు నిద్ర లేచింది. తైవాన్ విద్యార్థి రాసినది. హార్డ్‌డిస్క్ మొదటి భాగాన్ని చెరిపేసి ఊరుకోలేదు, కొన్ని రకాల మదర్‌బోర్డుల్లో మిషన్‌ను లేపే బయాస్‌ను కూడా తుడిచేసింది. అప్పటిదాకా వైరస్ అంటే ఫైళ్ళు పోతాయనుకున్నాం. ఈసారి మిషన్ మిషనే లేవలేదు. ముహూర్తాల రోజుల్లో శుభలేఖలు కంపోజ్ చేసిన డీటీపీ సెంటర్ల వాళ్ళు తలలు పట్టుకున్నారు. ఫ్లాపీల్లో కాపీ దాచుకున్నవాళ్ళు మాత్రం వేరే మిషన్ ముందు కూర్చుని పని పూర్తి చేసి ఇచ్చేశారు. యాంటీవైరస్ గురించి ఇన్నేళ్ళుగా నేను చెబుతున్న మాటంతా ఆ రోజు చూసిన దాంట్లోంచే వచ్చింది: కాపలా ఏదైనా ఒకనాడు తప్పుతుంది, కాపీ ఉంటే బతుకుతావు.

అప్పట్లో యాంటీవైరస్ కొనడమంటే మనిషిని చూసి కొనడం. హనుమకొండ నుంచి డీలర్ బస్సెక్కి వచ్చేవాడు. పెట్టెలో సీడీ, ఒక కీ, ఒక చిన్న పుస్తకం. నేనడిగేవి మూడే ప్రశ్నలు. అప్‌డేట్ ఎవరు తెస్తారు? మా 32 ఎంబీ ర్యామ్ సిస్టమ్ దీని బరువు మోస్తుందా? రేపు ఇది పట్టుకోలేని వైరస్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? మూడింటికీ జవాబు చెప్పినవాడి దగ్గరే కొనేవాణ్ణి. అప్‌డేట్ ఫ్లాపీలో వచ్చేది, లేకపోతే కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీలో దొరికేది. మన దేశంలో తయారైన యాంటీవైరస్‌లు అప్పుడే గట్టిపడుతున్నాయి. పుణేలో కాలిక్యులేటర్లు బాగుచేసే దుకాణంతో మొదలైన కైలాశ్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి క్విక్ హీల్ తెచ్చారు. చెన్నైలో 1991లో కేశవర్ధనన్ కె7 మొదలుపెట్టారు. మన దగ్గర తిరిగే వైరస్‌లు మన వాళ్ళకే ముందు కనబడేవి, మందూ ముందు వాళ్ళ దగ్గరే దొరికేది. ఒక్క మాట ఒప్పుకోవాలి. అప్పుడు నెలకోసారి వచ్చే అప్‌డేట్ ఇప్పుడు రోజుకు ఎన్నోసార్లు వస్తోంది. ఆ విషయంలో ఈ కాలమే మేలు.

మరి నా బాధ దేనికంటే, అప్‌డేట్ ఇంటి గుమ్మం దాకా వస్తుంటే జనమే తలుపు మూస్తున్నారు.

మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, మా మేనల్లుడికి ఫొటో స్టూడియో ఉంది. మానుకోటలో పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే వాడికి నిద్ర ఉండదు. ఆమధ్య ఫోన్ చేసి "మామా, ఏ యాంటీవైరస్ మంచిదో చెప్పరాదె, ఏయిస్తా" అన్నాడు. "సిస్టమ్‌ల విండోస్ అసలుదేనారా?" అని అడిగాను. "అసెంబుల్ చేసినోళ్ళే ఏసిచ్చిన్రు మామా" అన్నాడు. ఫొటోల సాఫ్ట్‌వేర్? క్రాక్. ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్? అదీ క్రాకే. ఆ క్రాక్ ఎక్కించేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని రాసి ఉంటుంది, వాడు చెప్పినట్టే ఆఫ్ చేశాడు. కాపలావాణ్ణి తానే ఇంటికి పంపి, కొత్త కాపలావాడు ఎవరు మంచివాడని నన్నడిగితే ఏం చెప్పను?

ఇది వాడొక్కడి సంగతి కాదు. స్టాప్ అని, డీజావూ అని పిలిచే రాన్సమ్‌వేర్ ఒకటి ఉంది. పెద్ద కంపెనీల జోలికి పోయేది కాదు, ఇళ్ళలో కంప్యూటర్ల మీదే దాని కన్ను. అది ఎక్కువగా పాకింది సరిగ్గా ఈ క్రాకులు, కీజెన్‌ల లోపలే. ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్లు అన్నిటికీ తాళం వేసి, ప్రతి ఫైల్ పేరు చివర ఒక పిచ్చి తోక తగిలించి, 980 డాలర్లు అడిగేది. 72 గంటల్లోపు సంప్రదిస్తే సగం, 490 అని ఆశ పెట్టేది. 2019 అక్టోబర్‌లో ఎమ్‌సిసాఫ్ట్ అనే సంస్థ దాని పాత రకాలకు ఉచితంగా తాళంచెవి విడుదల చేసింది, కొత్త రకాల్లో చాలావాటికి అది పనికిరాలేదు. ఒక జంట పెళ్ళి ఫొటోలు పోతే డబ్బు తిరిగిస్తే సరిపోతుందా? ఆ పందిట్లో కూర్చున్న ముసలివాళ్ళు మళ్ళీ ఫొటోకు దొరుకుతారా? యాంటీవైరస్ మీద ఐదు వందలు ఖర్చు పెట్టాలా వద్దా అని వారం ఆలోచించే మనిషి, దొంగ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా ఎక్కిస్తాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఏ యాంటీవైరస్ పడుతుంది?

ఇక ఏ యాంటీవైరస్ మంచిదన్న అసలు ప్రశ్నకు నా జవాబు చాలామందికి రుచించదు. ఇంట్లో బిల్లులు కట్టుకోవడానికి, పిల్లల చదువుకు, నాలుగు ఉత్తరాలు టైపు చేసుకోవడానికి వాడే కంప్యూటర్‌కు విడిగా యాంటీవైరస్ కొననక్కర్లేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ళ డిఫెండర్ సిస్టమ్‌లోనే ఉంటోంది. మొదట్లో అది బలహీనమే, నేనే ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. కొన్నేళ్ళుగా అలా లేదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అనే పరీక్షా సంస్థలు పేరున్న యాంటీవైరస్‌లకు వేల కొద్దీ వైరస్‌లతో పరీక్ష పెట్టి మార్కులు ప్రకటిస్తాయి. డబ్బు పెట్టి కొనే వాటితో సమానంగా డిఫెండర్ మార్కులు తెచ్చుకుంటోంది. కొనాలనుకున్నవాళ్ళు కూడా ఆ మార్కులు చూసి కొనాలి. షాపువాడు ఏది చేతిలో పెడితే అది తెచ్చుకోవడం ఎంచుకోవడం కాదు.

ఆ డిఫెండర్‌లోనే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే మీట ఉంది. 2017 నుంచి ఉంది. మనం చెప్పిన ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రామ్ ఏదీ చెయ్యి పెట్టకుండా అడ్డుకుంటుంది. రాన్సమ్‌వేర్‌కు సూటిగా వేసిన కంచె అది. కొన్నప్పుడు ఆఫ్‌లో ఉంటుంది, మనమే వెళ్ళి ఆన్ చేయాలి. మా ఫ్లాపీ బిళ్ళ లాంటి వసతి ఊరికే ఇస్తే, దాన్ని తాకినవాణ్ణి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నేనెక్కడా చూడలేదు.

దీనికి బదులు భయం కొంటున్నారు. భూపాలపల్లిలో మా బిడ్డ ఇంట్లో ల్యాప్‌టాప్‌తో పాటు ఒక యాంటీవైరస్ ట్రయల్ వచ్చింది. గడువు అయిపోయాక రోజూ ఎర్ర పెట్టెలో హెచ్చరిక: మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఇప్పుడే రెన్యూ చేయండి. అల్లుడు సింగరేణిలో కాకతీయ ఖనిలో పనిచేస్తాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి ఆ ఎర్రపెట్టె చూసి కార్డు నంబరు ఇచ్చేశాడు. మరుసటి ఏడాది ఎవరూ అడగకుండానే ఇంకా ఎక్కువ డబ్బు కార్డులోంచి కోత పడింది. ఆటో రెన్యూవల్ అట. మా కాలపు డీలర్ ఏడాది గడువు ముగిస్తే గుమ్మం ముందుకొచ్చి "సార్, మళ్ళీ కడతారా?" అని అడిగేవాడు, వద్దంటే టీ తాగి వెళ్ళేవాడు. ఇప్పుడు అడగడమే లేదు. బిడ్డతో "ఆ ట్రయల్‌ను పూర్తిగా తీసెయ్యమ్మా, అప్పుడు విండోస్‌లో ఉన్నది తానే లేస్తది" అని చెప్పాను. తీశాక "సిస్టమ్ ఇంత స్పీడ్ ఉండెనా బాపూ" అంది.

ఉచితం అనగానే ఎగబడేవాళ్ళకు ఇంకో సంగతి. అవాస్ట్ అనే ఉచిత యాంటీవైరస్ పేరు తెలియని ఇంటర్నెట్ సెంటర్ మన వైపు ఉండేది కాదు. ఆ కంపెనీ, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా, జనం ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకుందని 2020 జనవరిలో బయటపడింది. జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యవహారానికి 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. కాపలాకు పెట్టుకున్నవాడు ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో రాసుకుని బజార్లో అమ్మడం మా రోజుల్లో ఊహకు కూడా అందేది కాదు.

అప్‌డేట్ వస్తే "తర్వాత" నొక్కేవాళ్ళకు మన రాష్ట్రాల్లో జరిగిందే చెబుతాను. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలల ముందే! వేయించుకున్న సిస్టమ్‌లకు ఏమీ కాలేదు. 2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. జనగామకూ మానుకోటకూ భూపాలపల్లికీ కరెంటు ఇచ్చే వరంగల్ ఉత్తర డిస్కమ్ అందులో ఉంది. ఇంజినీర్లున్న సంస్థలకే ఆ గతి పడితే, మూడేళ్ళుగా అప్‌డేట్ ఆపేసుకున్న ఇంటి కంప్యూటర్ ఏ ధైర్యంతో కూర్చుంది?

పెన్ డ్రైవ్‌ల సంగతి కూడా చెప్పాలి. 2008 ప్రాంతంలో పెన్ డ్రైవ్ పెట్టగానే తనంతట తాను లేచే వైరస్‌లు ఊళ్ళన్నీ తిరిగాయి, ఫోల్డర్లు మాయమై షార్ట్‌కట్‌లు కనబడేవి. 2011లో మైక్రోసాఫ్ట్ ఆ ఆటోరన్‌ను పాత విండోస్‌లలోనూ ఆపేసింది. ఆ షార్ట్‌కట్ జబ్బు మాత్రం జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ తగులుతూనే ఉంది. హాల్ టికెట్ ప్రింట్ తీయించడానికి పెన్ డ్రైవ్ ఇచ్చి, తెచ్చి నేరుగా ఇంటి సిస్టమ్‌కు గుచ్చుతారు. మన హైదరాబాద్‌లోని సీడాక్ సంస్థ వాళ్ళే పెన్ డ్రైవ్‌లకు కాపలాగా యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాధనం తయారు చేశారు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం దాన్ని ఉచితంగా అందించింది. పక్కనున్న హైదరాబాద్‌లో చేసినది, ఉచితమైనది. దాని పేరు చెబితే మన దగ్గర కంప్యూటర్ రిపేర్ చేసేవాళ్ళే నా మొహం చూస్తారు.

ఫోన్ల మాట ఎత్తితే ఇంకో వ్యాసమవుతుంది. మిర్చి అమ్ముకుని వచ్చిన రైతు వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, బండి చలానా పేరుతోనో వచ్చిన ఏపీకే ఫైల్ నొక్కితే ఖాతా ఖాళీ అవుతోంది. ఆ ఫైల్ వచ్చింది తెలిసినవాళ్ళ నంబరు నుంచే కాబట్టి నమ్ముతాడు. డబ్బు పోయిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంతైనా ఆపే వీలుంటుంది. ఆ నంబరు ప్రతి ఇంటి గోడ మీద, కరెంటు మీటర్ పక్కన రాసిపెట్టాలి.

కంప్యూటర్ కోసం పక్కన పెట్టిన డబ్బుతో నన్నడిగితే యాంటీవైరస్ కాదు, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనమంటాను. వారానికోసారి ఫైళ్ళు అందులోకి ఎక్కించి, వైరు పీకి బీరువాలో పెట్టండి. వైరు పీకడం ముఖ్యం. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. మేనల్లుడితో ముందు ఆ పని చేయించాను, తర్వాతే క్రాకులన్నీ తీయించి అసలు విండోస్ వేయించాను. వాడికి ఖర్చయింది, నా మీద కోపమూ వచ్చింది. రానీ.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆపేసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు ఇంకో ఏడాది గడువు ఇచ్చింది. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లి కాలనీల్లో ఆ సిస్టమ్‌లు ఇంకా ఎన్నో నడుస్తున్నాయి. వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని అమ్మినవాళ్ళే ఇప్పుడు "ఏం కాదు సార్, మంచి యాంటీవైరస్ వేసిస్తాం" అంటున్నారు. కంత పూడ్చకుండా గుమ్మంలో మనిషిని నిలబెట్టి డబ్బు తీసుకోవడం అది. మా కాలంలో డీలర్ బిల్లు మీద ప్రతి వస్తువూ విడిగా రాసేవాడు. ఇప్పటి దుకాణాలవాళ్ళు కూడా విండోస్ లైసెన్స్ ఉందో లేదో, అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో బిల్లు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. అలా రాయనని చెప్పిన దుకాణంలో మా ఇంటివాళ్ళెవరూ సిస్టమ్ కొనరు.