తలకు పావలా: ఒక నోటీసుకు టీకా తాత్పర్యం

అవతారిక

1974 డిసెంబరు. ఏడో తరగతి బి సెక్షను, 41 మందిమి. తెలుగు మాస్టారు పోతన పద్యానికి ప్రతిపదార్థం చెబుతుండగా బంట్రోతు నోటీసు పుస్తకం పట్టుకొచ్చాడు. మాస్టారు పద్యానికీ నోటీసుకీ నడుమ గొంతు మార్చలేదు. ఏ రాగంలో ఉన్నారో ఆ రాగంలోనే చదివేశారు. అందుచేత అది మా చెవిన కావ్యంగానే పడింది. అప్పుడు అప్పజెప్పిన పద్యాల్లో సగం ఇప్పుడు నోటికి రావు. నోటీసు మాత్రం కామా సహా ఉంది. ఇంతటి గ్రంథానికి ఇన్నాళ్లూ వ్యాఖ్యానం లేకపోవడం పండితులకు తలవంపులు కనుక, అర్హత ఏమీ లేకపోయినా ఈ అల్పుడు పూనుకుంటున్నాడు.

మూలం

రేపు ఉదయము 8 గంటలకు ఏడవ తరగతి విద్యార్థులకు లవకుశ రంగుల చిత్రము చూపబడును. తలకు పావలా తేవలెను. తేనివారు బడియందే ఉండవలెను. హాలులో ఈలలు, ఏడ్పులు కూడవు. మరునాడు అందరును పేజీకి తగ్గకుండ వ్యాసము వ్రాయవలెను.

ప్రతిపదార్థం

రేపు = లెక్కల పీరియడు ఉన్న రోజున; ఉదయము 8 గంటలకు = ఆరింటికే బడి గేటు దగ్గర గుమిగూడి; ఏడవ తరగతి విద్యార్థులకు = ఆరో తరగతివాళ్లు కిటికీల్లోంచి కుళ్లుకుంటూ చూస్తుండగా; లవకుశ రంగుల చిత్రము = అమ్మ మూడుసార్లు చూసి, మూడుసార్లూ కళ్లు వాచి ఇంటికొచ్చిన సినిమా; తలకు = తల ఒక్కింటికి, అనగా తలలో ఏమున్నదన్న విచారణ లేకుండా; పావలా = ఇరవై అయిదు పైసలు, వెనకటి లెక్కన నాలుగణాలు; తేవలెను = నాన్న జేబులోంచి కాక, అడిగి తేవలెను; హాలులో = కాలువ గట్టు వెంట రెండు మైళ్లు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకు నడిస్తే వచ్చే రేకుల కప్పు కింద, నేల మీద; కూడవు = తప్పవు.

తాత్పర్యం

రేపు లెక్కలు లేవు.

విశేషాలు

"లవకుశ" అన్నది ద్వంద్వ సమాసం. లవుడును, కుశుడును. ఇక్కడ వైయాకరణులు గొడవకు దిగుతారు. వాల్మీకంలో పెద్దవాడు కుశుడు. ద్వంద్వంలో పెద్దవాడి పేరు ముందుండాలని నియమం, సంస్కృతంలో వాడుక కూడా "కుశలవులు" అనే. మరి తెలుగువాడు తమ్ముణ్ణి ఎందుకు ముందుకు లాగాడు? నోటికి సుళువు కనుక అని ఒక మతం. మా ఇళ్లలో తమ్ముడికే ముందు వడ్డిస్తారు గనక అని, అన్నగా పుట్టిన ఈ వ్యాఖ్యాత మతం. మరొక చమత్కారం: సంస్కృతంలో "కుశీలవులు" అంటే ఆడీ పాడీ బతికే నటులు, గాయకులు. ఆశ్రమంలో పెరిగి అయోధ్య వీధుల్లో పాడుతూ తిరిగిన పిల్లల పేర్లలోనే వాళ్ల వృత్తి దాగుంది. తెరమీద వాళ్లు పాడినప్పుడు ఆ పసివాళ్ల గొంతులే అనుకున్నాం. పాడింది పి.లీల, పి.సుశీల అని తెలిసిన నాడు మా బెంచీ మీద పెద్ద దుమారం రేగింది. "మగపిల్లల్లో ఆడగొంతు ఎలా పెడతార్రా?" అని ఒకడు వారం రోజులు తేరుకోలేదు.

"రంగుల" అన్న విశేషణం వ్యర్థం కాదు. అంతకు ముందు మేము చూసిన దేవుళ్లందరూ బూడిదరంగులో ఉండేవారు. గోడమీది క్యాలెండరులో రంగుల్లో ఉన్న రాముడు తెరమీదికి వచ్చేసరికి తెలుపు నలుపు అయిపోవడం ఎందుకో మాకు అంతుబట్టేది కాదు. పూర్తి నిడివి రంగుల్లో తీసిన తొలి తెలుగు చిత్రం ఇది. 1934లో ఇదే కథను ఇదే పేరుతో సి.పుల్లయ్య తెలుపు నలుపుల్లో తీశాడు. పాతికేళ్ల తరవాత రంగుల్లో మళ్లీ మొదలుపెట్టాడు. నడుమ డబ్బు కొరవడి చిత్రీకరణ ఆగింది, ఆరోగ్యమూ సహకరించలేదు. మిగిలినది కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేయగా 1963 మార్చి 29న విడుదలైంది. బాణుడు సగంలో విడిచిన కాదంబరిని కొడుకు పూర్తిచేశాడని పండితులు ఇప్పటికీ చెప్పుకుంటారు. రేకుల హాల్లో మా కళ్ల ముందు ఆడింది కూడా అలాంటి కావ్యమేనని మాకెవరూ చెప్పలేదు. అందులోనూ అది తండ్రీ కొడుకుల కథ.

"చూపబడును" అన్నది కర్మణి ప్రయోగం. తెలుగు నాలుకకు సహజం కాదు, ఆఫీసు కాగితానికి మాత్రం ప్రాణం. ఇందులో కర్త కనబడడు. చూపించేది హెడ్మాస్టరా, హాలు యజమానా, ప్రభుత్వమా? రీలు తెగినా, పిల్లవాడు తప్పిపోయినా అడగడానికి ఎవరూ దొరకకుండా ఉండడమే ఈ ప్రయోగంలోని సొగసు అని లాక్షణికులు. ఈ కర్త సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది. పాఠకులు గుర్తుంచుకోవాలి.

"ఈలలు." ఇక్కడ శంక: ఈల నిషిద్ధమైతే డ్రిల్లు మాస్టారి మెడలో వేలాడే ఈల మాటేమిటి? సమాధానం: అది రాజచిహ్నం, నిషేధం ప్రజలకు. ఆయన పొడవాటి మనిషి, చేతిలో చింతబరికె. పూటకు రెండు టీలు పడనిదే ఆ ఈల ఊదలేరని బడి అంతటికీ తెలుసు. హాలు గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టింది ఆయనే. ఇక లవకుశులు యజ్ఞాశ్వాన్ని కట్టేసిన ఘట్టం వచ్చింది. తరవాత శత్రుఘ్నుడు, లక్ష్మణుడు, అంత పెద్దవాళ్లు ఒకరి తరవాత ఒకరు మా ఈడువాళ్ల బాణాలకు తల వంచడం! ఇంట్లో బాబాయిల చేతా, బళ్లో మాస్టర్ల చేతా తన్నులు తిన్న ప్రతి ప్రాణికీ ఆ అరగంటలో పాత బాకీ తీరిపోయింది. హాలు హోరెత్తింది. ఆ హోరులో ఒక ఈల మాత్రం నోటితో వేసింది కాదు, గింజ ఉన్న ఇత్తడి ఈల అని నేల మీద కూర్చున్న వాళ్లందరూ సాక్ష్యమిస్తారు. హెడ్మాస్టరు వెనక్కి తిరిగి చూశారు. డ్రిల్లు మాస్టారు పైకప్పు రేకుల్ని పరిశీలిస్తున్నారు.

తెలుగు మాస్టారు ఈ ఘట్టంలో పక్కవారి చెవిలో సణిగారు. వాల్మీకి ఉత్తరకాండలో ఈ యుద్ధమే లేదట. అక్కడ పిల్లలు వచ్చి రాముడి యజ్ఞశాలలో రామాయణం పాడతారు, అంతే. గుర్రాన్ని కట్టేసి పోరాడడం జైమిని భారతం దారి. భవభూతి కూడా పోరు పెట్టాడు కానీ లవుడికీ లక్ష్మణుడి కొడుకు చంద్రకేతుడికీ. మాస్టారు చెప్పింది నిజమే. అయినా గుర్రం లేని లవకుశ ఒకటి ఉందని ఆ రోజు మాకు ఎవరైనా చెప్పివుంటే, ఆ కవిని గురించి మా అభిప్రాయం ఏమంత బాగుండేది కాదు.

"ఏడ్పులు." ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కలం కాసేపు ఆపి, నీళ్లు తాగి, మళ్లీ పట్టాడు. ఏడవకూడదని నోటీసులో ఎందుకు రాశారు? రాసినవారు ఆ సినిమా ముందే చూశారు కనుక. ఇది అనుమాన ప్రమాణం.

అసలు చిక్కు రేలంగితో వచ్చింది. రేలంగి కనబడితే నవ్వాలని మాకు పుట్టుకతో వచ్చిన విద్య. చాకలి వేషంలో రేలంగి, పక్కన గిరిజ. ఆలుమగలు తగువు పడుతుంటే నేల నుంచి బెంచీ దాకా ఒకటే నవ్వు. ఆ నవ్వు ఇంకా పెదాల మీద ఉండగానే, ఆ తాగుబోతు నోట జారిన మాటకే నిండు చూలాలు అడవికి పోవలసి వచ్చింది. మేము నవ్విన నవ్వులో మాకూ కొంత పాలు ఉన్నట్టు అనిపించింది. హాస్యానికీ కరుణకూ శత్రుత్వమని అలంకార శాస్త్రం. ఇక్కడ హాస్యమే కరుణకు తలుపు తీసింది. వాల్మీకంలో ఈ చాకలి లేడు, భద్రుడనే కొలువువాడు జనం అనుకునే మాటలు రాముడికి విన్నవిస్తాడు. కొలువువాడు చెబితే అది రాజకీయం. రేలంగి చెబితే మన వీధి సంగతి. పెద్ద పెద్ద రసజ్ఞులు ఈ చిత్రంలో యుద్ధాన్నీ పాటల్నీ పొగుడుతారు. ఈ వ్యాఖ్యాత మాత్రం రేలంగికి ఆ వేషం ఇవ్వాలని తోచిన బుర్రకే దండం పెడతాడు.

తరవాతది చెప్పనక్కరలేదు. నాగయ్య వాల్మీకిగా సీతను ఆశ్రమానికి పిలుచుకుపోయినప్పుడు ఆడపిల్లల వరస మొదలుపెట్టింది. చివర భూమి చీలి అంజలీదేవి దిగిపోతున్నప్పుడు మగపిల్లలు తలలు మోకాళ్లలో పెట్టుకున్నారు. పడిశం పట్టిందని ఎనిమిది మంది, కంట్లో నలుసు పడిందని అయిదుగురు, అవతలివాడు గిచ్చాడని ఒకడు తరవాత వాంగ్మూలం ఇచ్చారు. నోటీసు మీద సంతకం పెట్టిన హెడ్మాస్టరు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుస్తూనే ఉన్నారు. ఎంత తుడిచినా ఆ అద్దాలు శుభ్రపడలేదు.

"పేజీకి తగ్గకుండ." పేజీకి ఎన్ని గీతలన్నది మూలంలో లేదు గనుక అక్షరాలు గుమ్మడికాయలంత రాసిన వారిది దోషం కాదు. 41 వ్యాసాల్లో దాదాపు అన్నీ తండ్రి మాట వినవలెను అన్న వాక్యంతో ముగిశాయి. తండ్రి మీదికే బాణం ఎక్కుపెట్టిన పిల్లల కథలోంచి ఈ నీతి ఎలా పిండామో ఇప్పటికీ తెలియదు. ఒకడు మాత్రం ఇంటర్వెల్లులో తాగిన గోలీసోడా గురించి ముప్పావు పేజీ రాసి, చివర్లో సీతమ్మను కలిపాడు. వాడికే ఎక్కువ మార్కులు. నేను యజ్ఞంలో రాముడి పక్కన పెట్టిన బంగారు సీత బొమ్మ తరవాత ఏమైంది అని ముగించాను. మాస్టారు ఎర్రసిరాతో "నాకునూ సందేహమే" అని రాసి, పదికి ఆరు వేశారు.

ఇక విడిచిపెట్టిన వాక్యం. "తేనివారు బడియందే ఉండవలెను."

వ్యాఖ్యాత దీన్ని కావాలనే చివరికి నెట్టాడు. కఠిన స్థలాలను చివరికి నెట్టడం వ్యాఖ్యాతలకు వంశపారంపర్యం. శాస్త్రం మొదట్లోనే అధికారి ఎవడు, ఈ గ్రంథానికి తగినవాడు ఎవడు అని అడుగుతుంది. నోటీసు సమాధానం స్పష్టం: పావలా తెచ్చినవాడు. మా సెక్షనులో 38 మంది తెచ్చారు. తొమ్మిదిన్నర రూపాయలు. ముగ్గురు తేలేదు. ఒకడు పావలా దారిలో పోగొట్టుకున్నానన్నాడు, ఒకడు మరిచిపోయానన్నాడు, మూడోవాడు ఏమీ అనలేదు. ముగ్గురూ పలకలు, సంచులు పట్టుకుని వేపచెట్టు కింద నిలబడ్డారు. మేము ఇద్దరిద్దరుగా వరస కట్టి గేటు దాటాం. వరసకు వెనక డ్రిల్లు మాస్టారు.

హాలు గుమ్మం దగ్గర ఆయన బరికెతో భుజం భుజం తాకి లెక్కపెట్టారు. నలభై, నలభై ఒకటి.

ఇక్కడ సంఖ్యా విరోధం. 38 పావలాలకు 41 తలలు ఎలా? పిల్లల మీద దయతో హాలు యజమాని వదిలేశాడని ఒక మతం. అది నిలవదు, ఆయన పక్క నుంచి దూరిన మేకను కూడా టికెట్టు అడిగే మనిషి. హెడ్మాస్టరు మాఫీ చేశారని రెండో మతం. అదీ నిలవదు, ఆ వాక్యం రాసినదే ఆయన. లెక్క తప్పిందని మూడో మతం. నేల మీద నా పక్కనే వేపచెట్టు కింది ముగ్గురిలో మూడోవాడు కూర్చున్నాడు. గుర్రాన్ని కట్టేసినప్పుడు నా మోకాలి మీద గుద్దింది వాడే. కనుక లెక్క తప్పలేదు.

"చూపబడును"కు కర్త ఎవరని ముందు అడిగి వదిలేశాం. మూలంలో ఆయన పేరు లేదు. బడి రికార్డులోనూ ఉండదు. వాచ్యంగా చెప్పడానికి ఈ వ్యాఖ్యాతకూ అధికారం లేదు. ధ్వనికి ఆధారం మాత్రం ఒకటి ఉంది. ఇంటర్వెల్లులో మాస్టర్లందరూ హాలు బయట బడ్డీ దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. డ్రిల్లు మాస్టారు మాత్రం దూరంగా కాలువ గట్టు మీద నిలబడి, ఒంటికి వేడి చేసింది, టీ పడదు అన్నారు. ఆ చలిలో శనివారం దాకా ఆయనకు ఆ వేడి తగ్గలేదు.