బట్టీకి లొంగని సబ్జెక్టులు

ఇంజనీరింగులో ఏది కష్టం అని ఇప్పటి పిల్లల్ని అడిగితే ఒకడు ఎం-వన్ అంటాడు, ఒకడు ఈడీసీ అంటాడు, మూడోవాడు అన్నీ కష్టమేనంటూ ఫోను చూసుకుంటాడు. మా రోజుల్లో, అంటే అరవైల చివర్లో, ఈ ప్రశ్నకి హాస్టలు హాస్టలంతా ఒకటే జవాబు చెప్పేది. డ్రాయింగు. పీయూసీలో లెక్కలకి నూటికి నూరు కొట్టి వచ్చిన మొనగాళ్లు కూడా చేరిన నెల తిరక్కుండా ఆ హాల్లో టీ-స్క్వేరు పట్టుకుని బిక్కమొహాలు వేసేవారు.

ప్రశ్న ఎలా ఉండేదంటే: షడ్భుజాకారపు అడుగున్న పిరమిడ్ ఒకటి, అడుగు అంచుల్లో ఒకదాని మీద హెచ్‌పీపై (అడ్డంగా పరిచిన తలంపై) ఆనుకుని ఉంది. దాని అక్షం హెచ్‌పీతో 30 డిగ్రీల కోణం చేస్తోంది, ఆనుకున్న అంచు వీపీతో (నిలువు తలంతో) 45 డిగ్రీలు. ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ గీయండి. ఇంకా దయ కలిగితే, ఫలానా తలంతో కోస్తే వచ్చే ముఖం అసలు ఆకారం కూడా చూపించండి. ఆ పిరమిడ్ ఎక్కడుంది? ఎక్కడా లేదు. దాన్ని తలలో నిలబెట్టుకోవాలి, ఒరగదీయాలి, తిప్పాలి, కొయ్యాలి, అప్పుడు కాగితం మీద దించాలి. ఇక్కడ బట్టీ పని చెయ్యదు. పోయినేడాది పేపర్లో పిరమిడ్ ఉంటే ఈ ఏడాది ప్రిజం వస్తుంది, కోణం మారుతుంది, నువ్వు కంఠస్థం చేసిందంతా గోదాట్లో కలుస్తుంది.

ఈ విద్యకి పునాది వేసింది గాస్పార్ మోంజ్ అనే ఫ్రెంచాయన. కోటల డిజైనుకి పనికొస్తుందని ఫ్రాన్సు ప్రభుత్వం దాన్ని చాలా ఏళ్లు సైనిక రహస్యంగా దాచింది. ఆ తర్వాత లోకానికంతా వెల్లడి చేసింది గానీ మా బ్యాచిలో సగంమందికి చివరిదాకా రహస్యంగానే ఉండిపోయింది.

మా డ్రాయింగు మాస్టారు మంచివాడేం కాదు. అరచేతి చెమటకి షీటు నల్లబడితే నిలువునా చింపేసేవాడు. 2హెచ్ పెన్సిలుతో గీయాల్సిన గీత హెచ్‌బీతో గీస్తే దూరం నుంచే కనిపెట్టేవాడు. కానీ ఒకరోజు జేబులోంచి బంగాళాదుంప తీసి, చాకుతో పిరమిడ్‌లా చెక్కి, అడ్డంగా ఒక్క వేటు వేసి ఆ కోసిన ముఖం మాకు చూపించాడు. ఆ వారమంతా మెస్సులో దుంపలు మాయం. దుంపలు దొరకనివాళ్లు లైఫ్‌బాయ్ సబ్బులు కోసుకున్నారు. స్నానానికి సబ్బు లేకపోయినా సెక్షన్ ఆఫ్ సాలిడ్స్ కొంతమందికి వచ్చింది.

ఇప్పుడు మా మనవరాలు సివిల్ చదువుతోంది. కంప్యూటర్లో పిరమిడ్‌ని గిరగిరా తిప్పి, "చూడు తాతయ్యా, సెక్షనుకి రెండు క్లిక్కులు చాలు" అంటుంది. బాగానే ఉంది. "మరి ఈ చుక్కల గీత ఎందుకొచ్చిందే?" అన్నాను. "సాఫ్ట్‌వేర్ ఇచ్చింది" అంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిందట! వెనక దాగిన అంచు దాని కళ్లకి కనపడింది, నీకు కనపడక్కర్లేదా?

ఇలా అంటే ఈ ముసలాడికి కంప్యూటర్ అంటే గిట్టదంటారు. గిట్టకేం. నా గొడవ వేరు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ సంగతే చూడండి. మా చేతిలో ఉన్నది స్లైడ్‌రూలు. అది మూడు అంకెలిస్తుంది, దశాంశ బిందువు ఎక్కడుందో చెప్పదు. 2కీ, 20కీ, 200కీ దాని మీద ఒకటే గీత. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందే జవాబు సుమారుగా ఎంత ఉండాలో మనసులో ఒక అంచనా ఉండి తీరాలి. దూలం ఎంత పొడుగు, ఎంత బరువు, ఎంత వంగొచ్చు? హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్ 1972లో అమెరికాలో వచ్చింది, ఖరీదు 395 డాలర్లు. అది మనదాకా వచ్చి చవకయ్యేసరికి మా చదువులు అయిపోయాయి, అదృష్టవంతులం. మొన్న మనవరాలి స్నేహితుడొకడు లెక్క చేసి చూపించాడు. ఆరు మీటర్ల ఉక్కు దూలం, మధ్యలో వంపు నాలుగు మీటర్లు. తొమ్మిది దశాంశ స్థానాల వరకూ సరిగ్గా రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. పాత ఐఎస్ 800 కోడ్ మామూలుగా పొడవులో 325వ వంతుకు మించి వంగనిచ్చేది కాదు. అంటే ఈ దూలానికి పద్దెనిమిది మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లకీ మీటర్లకీ మధ్య ఎక్కడో జారాడు, సరే, ఎవరైనా జారతారు. ఇంట్లో పైకప్పు నేలకి తాకేలా ఉందేమిట్రా అన్న అనుమానమైనా రావద్దూ?

థర్మోడైనమిక్స్ గురించి చెప్పాలంటే ముందు యూనిట్ల పీడ చెప్పాలి. సర్కారు మెట్రిక్ తెచ్చేసింది, పుస్తకాలేమో ఇంగ్లండువి. ఒక పేజీలో బీటీయూ, ఇంకో పేజీలో కిలోకాలరీ. ఒకచోట 778 ఫుట్-పౌండ్లు, ఇంకోచోట 427 కిలోగ్రామ్-మీటర్లు. లెక్క ఒక పూట, మార్పిళ్లు ఇంకో పూట. ఇప్పటివాళ్లకి జూలు ఒక్కటే, ఈ విషయంలో వాళ్లు సుఖపడ్డారు, నాకేం ఏడుపు లేదు. అసలు ఏడుపు ఎంట్రపీ. కార్నో 1824లో వేడియంత్రాల మీద పుస్తకం రాశాడు, అదీ వేడిని ఒక ద్రవమనుకుంటూ. క్లాసియస్ ఎంట్రపీకి ఆ పేరు పెట్టింది 1865లో. మహామహులకి నలభై ఏళ్లు పట్టినదాన్ని మా లెక్చరర్ ఒక్క పీరియడులో, గంట కొట్టేలోగా బోర్డు మీద పూర్తి చేసి సుద్దచేతులు దులుపుకున్నాడు. ఇంటిగ్రల్ గుర్తు మధ్య చిన్న సున్నా చుట్టడం మాత్రం అందరికీ వచ్చింది.

ఎలక్ట్రికల్ వాళ్లది ఇంకో నరకం, ఫీల్డ్ థియరీ. నా రూమ్మేటు మాక్స్‌వెల్ సమీకరణాలు నాలుగూ గోడ మీద రాసుకుని రోజూ పొద్దున్నే చూసేవాడు, దేవుడి పటంలాగా. అవి మొదట ఇరవై దాకా ఉండేవని, వాటిని నాలుగుకి కుదించిన ఆలివర్ హెవిసైడ్ పదహారో ఏట బడి మానేసి తర్వాత టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసినవాడని తెలిసినరోజు, మావాడు రాత్రి భోజనం మానేశాడు.

ఇంత కష్టపడి మేం ఏం పొడిచాం అనొచ్చు. పోయినవాళ్లకి సబ్జెక్టులు పోయాయి, సప్లిమెంటరీలు రాశారు, ఒకరిద్దరు చదువే వదిలేశారు. ఆడపిల్లలు మెకానికల్‌లోకి వస్తామంటే వర్క్‌షాపులో ఆకురాయి ఎవరు పడతారని వెక్కిరించారు. వాటిని వెనకేసుకురాను. కానీ ఇప్పుడు కష్టాన్ని తీసేసిన పద్ధతి చూడండి. యూనిట్‌కి రెండు ప్రశ్నలు, ఏదో ఒకటి రాస్తే చాలు. అంటే యూనిట్‌లో సగం నీ జోలికి రాదు. పరీక్ష ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ‘ఇంపార్టెంట్స్’ వస్తాయి. ఆల్-ఇన్-వన్ గైడు ఉండనే ఉంది. చాలా కాలేజీల్లో చెప్పేవాళ్లూ నిన్నమొన్న అదే గైడుతో గట్టెక్కినవాళ్లే, వాళ్లననీ లాభం లేదు. వర్క్‌షాపు అంటే మేం ఇనప ముక్కని మూలమట్టానికి సరిపోయేదాకా రాపాడేవాళ్లం, వెలుతురు సన్నగా దూరినా మళ్లీ మొదటికి. కొన్నేళ్ల క్రితం ఒకబ్బాయి తనకీ వర్క్‌షాపు ఉందని చెబితే సంబరపడి ఏం చేశావురా అన్నాను. కంప్యూటర్లో విండోస్ ఎక్కించాడట.

మనవరాలికి వచ్చే సెమిస్టర్లో స్ట్రక్చరల్ ఎనాలిసిస్ ఉంది. హార్డీ క్రాస్ 1930లో ప్రచురించిన మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ అందులో వస్తుంది. మామూలు కూడికలు, గుణకారాలు, భాగహారాలతో నడిచే పద్ధతి. పిల్ల అప్పుడే సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకుంటోంది. కుదరదన్నాను. రెండంతస్తుల ఫ్రేమ్ ఒకటి చేత్తో చెయ్యాలి, చేసేముందు ఏ స్తంభం ఎటు వంగుతుందో నాకు పెన్సిలుతో గీసి చూపించాలి. "మీ నాన్న సిఫార్సు చేసినా ఒప్పుకోను" అని కూడా చెప్పాను. వాడూ ఇంజనీరే, వాడికీ డ్రాయింగు రెండుసార్లు పోయింది.