చెరువుగట్టు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “దరఖాస్తు పరిశీలించబడినది. సంబంధిత శాఖల నిరభ్యంతర పత్రములు జతపరచిన యెడల నిబంధనల మేరకు తగు చర్య తీసుకొనబడును.”

అవతారిక: చెరువు, కుంట, వాగు, నాలా చెంత ఇల్లు కట్టదలచినవారికి పురపాలక కార్యాలయం నుంచి వచ్చే జవాబులో ఇది సుప్రసిద్ధ వాక్యం. స్వల్ప పాఠభేదాలతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటా ప్రచారంలో ఉంది. కర్త అజ్ఞాతుడు. రసం అధికారులకు శాంతం, దరఖాస్తుదారుకు కరుణం.

ప్రతిపదార్థం: ‘దరఖాస్తు’, ‘జతపరచిన’, ‘యెడల’ మొదలైనవి సుబోధాలు కనుక విడిచిపెట్టబడినవి.

పరిశీలించబడినది: ఎవరిచేత? తృతీయా విభక్తి లేదు. అధ్యాహారం చేసుకుందామంటే ఏఈ, డీఈ, ఈఈ, తహసీల్దారు అందరూ అర్హులే, ఎవరూ ఒప్పుకోరు. తెలుగు నుడికి కర్మణి ప్రయోగం సహజం కాదని వ్యాకరణం చెప్పేవాళ్లు చెబుతూనే ఉన్నారు. కార్యాలయానికి అదే మాతృభాష. ఇందుకు అపవాదం ఒకటుంది. తెలంగాణలో భవన అనుమతులకు సంబంధించిన 2020 నాటి టీఎస్‌ బీపాస్‌ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు స్థలాల్లో నిర్ణీత ఎత్తు మించని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అక్కడ కర్త స్పష్టం: దరఖాస్తుదారు. ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చవచ్చు.

సంబంధిత శాఖల: బహువచనం గమనార్హం. నీళ్లు నీటిపారుదల శాఖవి, అడుగున ఉన్న శిఖం నేల రెవెన్యూది, ఒడ్డున లేచే గోడ పురపాలక శాఖది, చేపలు మత్స్యశాఖవి. చిత్తడి నేలగా ప్రకటించి ఉంటే 2017 నాటి కేంద్ర నిబంధనలు కూడా వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడ కొంత విస్తరం అవసరం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన అనంతరాజసాగరం గురించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది: ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం చదివిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, చెరువును తాకి నిలిచే కొండ, ఆ కొండ భాగాల నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, లోతూ విశాలమూ అయిన గర్భం, పొడవాటి రాళ్లిచ్చే గని, పనితనం తెలిసిన కూలీలు వగైరా. రోజూ వెయ్యిమంది మనుషులు, రాళ్లు తోలే నూరు బండ్లు, రెండేళ్ల పని. అంగాలతో ఆగక దోషాలు ఆరింటిని కూడా చెప్పడం ఈ శాసనకారుడి గొప్పతనం. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల, చెరువు నడుమ తాబేలు వీపులాంటి మిట్ట, నీరు తక్కువై పారుదల భూమి ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇంకోటి, రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువుండటం.

రాజ్యాలు పోయి శాఖలు వచ్చాయి. దోషం మిగిలింది. అనుమతి ఇచ్చే కార్యాలయం చెరువును కొలవదు, కొలిచే కార్యాలయం అనుమతి ఇవ్వదు. ఉమ్మడి తనిఖీకి అందరూ ఒకనాడు కలిసి రావాలి. రారు.

నిబంధనల మేరకు: తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్‌ (పూర్తి నీటిమట్టపు గీత) లోపల ఏ కట్టడమూ కూడదు. ఆ గీత దాటాక పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌. పది మీటర్ల వెడల్పు మించిన నాలాకు 9, ఆలోపు దానికి 2. అంకెల్లో అస్పష్టత లేదు. ఉన్నదంతా గీతలోనే. చెరువు నిండి అలుగు పారే మట్టమే ఆ గీత; అలుగునే తెలంగాణలో మత్తడి అంటారు. అలుగు రాళ్లు రాత్రిపూట ఓ మూర లోతు కొట్టేస్తే నీటిమట్టం దిగుతుంది, గీత లోపలికి జరుగుతుంది, బయట కొత్త ప్లాట్లు పుడతాయి. గీతను ఖరారు చేయడానికి హైదరాబాద్‌ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో ప్రాథమిక, తుది నోటిఫికేషన్లని రెండు దశలున్నాయి. ఎన్నో చెరువులు ఏళ్ల తరబడి మొదటి దశలోనే ఉండిపోయాయి.

తగు చర్య: ఈ సమాసాన్ని ప్రాచీన వ్యాఖ్యాతలు ‘ఏమీ చేయకపోవడం’ అని వివరించేవారు. 2024 జూలైలో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక జేసీబీ వ్యాఖ్య ప్రచారంలోకి వచ్చింది. అందులో పదవిభాగం ఉండదు, గోడల విభాగమే.

శంక: రిజిస్ట్రేషన్‌ అయింది, బ్యాంకు అప్పిచ్చింది, కరెంటు మీటరు బిగించారు, ఇంటిపన్ను కట్టించుకున్నారు. ఇవన్నీ అనుమతి కావా?

సమాధానం: కావు. అప్పు మాత్రం తీర్చాలి.

తాత్పర్యం: కట్టుకోవచ్చో లేదో ఈ వాక్యంలో లేదు. గీత తెలిసిన కార్యాలయం దాన్ని చెప్పకపోతే చెరువూ దక్కదు, ఇల్లూ దక్కదు.

పాఠ సవరణ: “ఈ స్థలం ఫలానా చెరువు ఎఫ్‌టీఎల్‌ గీతకు ఇన్ని మీటర్ల దూరంలో ఉన్నదని ఫలానా హోదా గల అధికారి ఫలానా తేదీన కొలిచారు. కనుక అనుమతి ఇస్తున్నాము, లేదా ఇవ్వడం లేదు.” ఈ పాఠాన్ని స్వీకరించడానికి కొత్త జీవో అక్కర్లేదు.